పరాయి నగరం – పరిశీలక దృష్టి

విద్యార్థులుగానో, ఉద్యోగులుగానో విదేశాలకు వెళ్ళే మనవారు అక్కడినుండి పంపే ఛాయాచిత్రాలను చూస్తే, అందరూ ఒకే చోట నిలబడినట్లు తోస్తుంది. పారిస్ వెళ్ళినవారు ఐఫిల్ గోపురం ఎదుట నవ్వుతూ కనిపిస్తారు. ఇందులో తప్పేమీ లేదు. కాని ఆ గోపురాన్ని మనకంటె చక్కగా చూపే కార్డులు అక్కడి అంగళ్ళలోనే లభిస్తాయి. కార్డులలో దొరకనివి వేరే ఉన్నాయి: రొట్టెల దుకాణపు గాజు మీది రాత, పాత ఇంటి తలుపుకు వేలాడే ఇత్తడి కడియం, వానకు తడిసిన ఉద్యానవనపు కుర్చీ. కాలినడకన తిరిగి, తీరికగా నిలిచి, ఇట్టివాటిని చిత్రించడమే ఒక నగరాన్ని ఎరుగుటకు ఉత్తమ మార్గమని నా అభిప్రాయం.

1925లో హంగరీనుండి పారిస్ చేరిన ఆంద్రె కెర్తెష్‌కు ఫ్రెంచి భాష అంతగా రాదు. మాటలు అందని చోట ఆయనకు వస్తువులు అందాయి. 1928లో ఆయన తీసిన సుప్రసిద్ధ చిత్రంలో ఉన్నదల్లా పళ్ళెం అంచుకు ఆనిన ఒక ఫోర్కు, దాని నీడ. ఆ ఊరివారు పూటపూటా చేతబట్టే వస్తువే అది. అయినా అలవాటు వారి కంటికి కప్పిన తెర పరదేశి కంటికి లేదు.

ఇది పనిలేనివారి కాలక్షేపమని కొందరు ఆక్షేపించవచ్చు. వారికి యూజీన్ ఆట్జే జీవితమే సమాధానం. ఈ ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు 1927లో మరణించేవరకు, దాదాపు ముప్పయ్యేళ్ళు, బరువైన కొయ్య కెమేరాను, గాజు పలకలను మోసుకొని పారిస్ వీధులు తిరిగాడు. అంగళ్ళ ముంగిళ్ళు, మెట్ల కటకటాలు, వీధులలో సరుకులమ్మేవారు ఆయనకు ఇతివృత్తాలు. వాటిని చిత్రకారులకు ఉపకరించే ఆధారపత్రాలుగానే విక్రయించాడు. ఆయన అనంతరం మిగిలిన నెగెటివులను, ప్రతులను కొని కాపాడినది పారిస్‌లో నివసిస్తున్న అమెరికా యువతి బెరెనీస్ ఆబట్. 1968లో అవి న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాలకు చేరాయి. ఆట్జే తిరిగిన లే ఆల్ బజారు మంటపాలను 1971నుండి కూల్చివేశారు. ఆ బజారు ఎట్లుండెనో తెలియగోరేవారికి నేడు పాత చిత్రాలే శరణ్యం.

అయితే దీనికొక హద్దు ఉన్నది. చార్మినారు చెంత గాజులమ్మేవాని ముఖం మీదికి, తోపుడుబండి పక్కన నిద్రించే కూలీ మీదికి యాత్రికులు కెమేరా ఎక్కుపెట్టడం మనం ఎరిగినదే. ఆ క్షణాన మనకు కలిగే చిరాకును పరాయి నగరంలో మనం మరువరాదు. గోడకూ గడియకూ అనుమతి అక్కరలేదు, మనిషికి అక్కర. భాష రాకున్నా, కెమేరా చూపి కనులతో అడిగితే చాలును. వద్దన్నవారి మాటను మన్నించి ముందుకు సాగడమే మర్యాద. ఒకరి లేమి మనకు వింత కారాదు.

ఈ నడక వలన కలిగే నిజమైన ఫలం తిరిగి వచ్చిన పిదప గాని తెలియదు. ఆబట్ 1929లో న్యూయార్కుకు తిరిగి వచ్చింది. పాత కట్టడాలు నేలకూలి, ఆకాశహర్మ్యాలు లేస్తున్న స్వంత దేశపు మహానగరం ఆమెకు కొత్తగా కనిపించింది. దుకాణాల వాకిళ్ళను, బోర్డులను, వంతెనలను ఏళ్ళ తరబడి చిత్రించి, 1939లో ‘మారుతున్న న్యూయార్కు’ అనే గ్రంథాన్ని వెలువరించింది. పరాయి వీధులు నేర్పిన చూపు స్వంత వీధులకు అక్కరకు వచ్చింది.

మనకూ ఆ అక్కర ఉన్నది. హైదరాబాదు ఛత్తాబజారులో కాతిబులు పెండ్లి పత్రికలకై చేతితో దిద్దిన ఉర్దూ అక్షరాలు కంప్యూటరు రాకతో వెనుకబడ్డాయి. ఉర్దూ, తెలుగు లిపులు పక్కపక్కన వెలసిన చేతిరాత బోర్డుల స్థానాన్ని ఫ్లెక్సీలు ఆక్రమిస్తున్నాయి. వాటిని పదిలపరచుటకు ఆట్జే వలె బరువులు మోయనక్కరలేదు. ప్రతి విద్యార్థి చేతిలోనూ నేడు కెమేరా ఉన్నది. కావలసినది నడిచే ఓపిక. విదేశానికి వెళ్ళినవారు అక్కడా, వెళ్ళనివారు ఇక్కడా ఈ పని చేయాలి. తీసిన ప్రతి చిత్రానికీ వీధి పేరు, తేదీ తప్పక రాసిపెట్టాలి. మన తరువాతివారు మొదట అడిగేవి ఆ రెండే.