గృహిణీ విషయములు: ముసలి కంప్యూటరు, క్రొత్త లినక్సు



ఇంటిలోని వస్తువులలో ఏది బాగుచేయించుకొనదగినది, ఏది మార్చుకొనదగినది యను విచారణ గృహిణికి నిత్యకృత్యము. ఇత్తడిబిందెకు మాటు వేయింతుము. చిల్లుపడిన యినుపపెనమును పారవేయుదుము. కంప్యూటరు విషయమున నీ విచారణ మఱింత కష్టమైనది. ఏలయన, అందు యంత్రమొక్కటియే కాదు, దానిని నడిపించు విధానమును వయసుమళ్లును. ఈ మాసమున మేమా సంగతినే ముచ్చటింపదలచితిమి.

విండోసు 10 అను విధానమునకు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణరక్షణ ముగిసెను. కోరి నమోదు చేసికొనిన గృహస్థులకు 2026 అక్టోబరు 13 వఱకు గడువొసగిరి. తరువాతిదియగు విండోసు 11 నడువవలెనన్న 4 గిగాబైట్ల ర్యాము, 64 గిగాబైట్ల నిలువచోటు, టీపీఎం 2.0 అను రక్షణాంగము ఉండవలయునని నియమము. అందుచే నిక్షేపముగా పనిచేయుచున్న యంత్రములు సైతము అనేకము వెనుకబడిపోయినవి. ఇట్టి సమయముననే పెక్కుమంది గృహస్థులు లినక్సు పేరు వినుచున్నారు.

లినక్సు అననేమి? అందఱును స్వేచ్ఛగా వాడుకొని, లోపలి వ్రాతను చదివి, దిద్దుకొని, పంచుకొనదగిన విధానమును నిర్మింతునని 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించెను. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ కెర్నలు అను మూలభాగమును వ్రాసి, మఱుసటియేట అవే షరతులతో లోకమున కొసగెను. అంగడిలో సీసా కొన్నచో ఊరగాయ మాత్రమే వచ్చును. పొరుగింటి పిన్నిగారు గూడూరు నిమ్మకాయ ఊరగాయతో పాటు పాళ్లు కూడ చెప్పి, “నీ యింటివారి నాలుకకు తగినట్లు ఉప్పుకారములు మార్చుకొనుమమ్మా, అడిగినవారికి నీవును దాచక చెప్పవలె సుమా” యన్నచో, అది లినక్సు పద్ధతి.

ఇది దూరదేశముల ముచ్చట మాత్రము కాదు. కేరళమున ప్రభుత్వపాఠశాలలలో దీనితోనే బాలబాలికలకు కంప్యూటరు నేర్పుచున్నారు. సీడాక్ అను ప్రభుత్వసంస్థ 2007లో “బాస్” అను పేర భారతీయభాషలకు తగిన లినక్సును వెలువరించెను. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగులోనే ఆజ్ఞలు కనబడునట్టి లినక్సును కూర్చిరి.

“ముసలి యంత్రమునకు లినక్సు సంజీవని” యని కొందఱందురు. ఇది కొంతవఱకే నిజము. తేలికపాటి లినక్సు పాతయంత్రములకు మఱికొన్నియేండ్ల యాయువు పోయుమాట వాస్తవమే. కాని 2025 ఆగస్టు 9న వెలువడిన డెబియన్ 13 నందు 32 బిట్ల పాతకంప్యూటర్లలో నెలకొల్పుకొను వసతి లేదు. పైగా మనవంటి తీరవాసులకు వేఱొక శత్రువు కలదు. మైపాడు మొదలు కృష్ణపట్నము వఱకు సముద్రపుగాలి తగులు నిండ్లలో కిటికీకమ్ములే పొరలుగా రాలుచుండ, సన్ననిరాగితీగె లేపాటివి? ఈశాన్య ఋతుపవనముల తడి తోడైనచో చెప్పనక్కఱలేదు.

మా యింటి 13 ఏండ్ల యంత్రమును విప్పించి చూడగా, తీగెలు కూడుచోట్ల పచ్చనిచిలుము పట్టియుండెను. హార్డుడిస్కు టిక్కుటిక్కుమని మూలుగుచుండెను. బాగుచేయుటకు క్రొత్తదాని వెలలో సగమగుననియు, అట్లు చేసినను పూచీ లేదనియు పనివాడు తెలిపెను. బడిపంతులుగారి జీతమున నిది చిన్నమాట కాదు. అయినను, సగము వెలకు సందేహమును కొనుటకంటె పూర్తివెలకు నిశ్చయమును కొనుట మేలని యెంచితిమి.

మమ్ము నిద్రపోనీయనిది వెల కాదు. మా యత్తగారు పాడగా మేము వ్రాసికొనిన 40 పాటలు, లాలిపాటలు, అప్పగింతపాటలు, ఉప్పుమళ్లలో పనిచేయు స్త్రీలు పాడుకొనునవి, అందులోనే యున్నవి. కాగితపుప్రతి 2015 నవంబరు వానలలో తడిసి ముద్దయినది. అత్తగారు గతించి 4 ఏండ్లు. ఆ పాటలు పాతకాలపు తెలుగు అక్షరములతో టైపుచేయబడినవి. ఆ పద్ధతిలో లోపల దాగునవి ఆంగ్లాక్షరములే; ప్రత్యేకమైన ఫాంటు వానికి తెలుగు వేషము వేయును. ఆ ఫాంటు లేనిచోట లాలిపాట తెఱచిన అర్థములేని గిలుకుడే కనబడును.

యూనికోడు పద్ధతి యట్టిది కాదు. 1991 నాటి తొలికూర్పునందే తెలుగునకు స్థానము లభించెను. ప్రతియక్షరమునకును తనదగు సంఖ్య యున్నందున ఏ యంత్రమునందైనను తెలుగు తెలుగుగనే యుండును. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన యను పేర్లతో రూపొందించిన ఫాంట్లు ఇట్టివే. కావున పాతయంత్రము కన్నుమూయకముందే పాటలనన్నిటిని రెండు పెన్ డ్రైవులలోనికి దించి, మార్పిడి సాధనముతో యూనికోడునకు మార్చితిమి. మార్పిడిలో వత్తులు కొన్నిచోట్ల తారుమారైనవి. మావారు చదువుచుండ, మేము దిద్దుచు, మూడువారములు రాత్రివేళ కూర్చుండి 40 పాటలను సరిచూచితిమి. ఒకప్రతి ఇప్పుడు నెల్లూరులోని మా యాడుబిడ్డ యింట నున్నది.

కొనబోవు సోదరీమణులకు మా మనవి. విండోసు లేకుండ, డాస్ లేక ఉబుంటుతో అమ్ము కంప్యూటర్లును దొరకును; అడిగి చూడుడు. పెన్ డ్రైవునుండియే లినక్సును నడిపి చూచు నుపాయము కలదు. అంగడిలోనే అట్లు నడిపించి, వైఫై, శబ్దము, తెరవెలుగు సరిగానున్నవో లేవో పరీక్షింపుడు. మీ ప్రింటరు దానికి లొంగునో లేదో ముందే తెలిసికొనుడు. ఐదేండ్లపాటు రక్షణ గల కూర్పునే యెన్నుకొనుడు; 2024 ఏప్రిలునాటి ఉబుంటు 24.04 అట్టిది. తీరవాసులు యంత్రమును కిటికీకి దూరముగా నుంచి, దినమున కొకసారియైన నడుపుట మంచిది. ఆ వేడికి తడి యారును.

నష్టములను దాచరాదు. పేజిమేకరు దస్త్రములు లినక్సులో ఉన్నవి యున్నట్లు తెఱచుకొనకపోవచ్చును. స్క్రైబస్‌తో మరల కూర్చుకొనవలసి రావచ్చును. వ్రాతకోతలకు లిబ్రేఆఫీసు చాలును. పాతపెట్టెను చెత్తకుప్పలో వేయక, హార్డుడిస్కు వేఱుచేసి, ఈ-వ్యర్థములు తీసికొను నధికృతులకే యీయుడు. 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న నిబంధనల యుద్దేశమును నదియే.

మీ యిండ్లలో పాతయక్షరములలో చిక్కియున్న పాటలో, జాబులో, జాతకములో యుండకపోవు. యంత్రము నేడు నడచుచున్నదని యుపేక్షింపక, నడచుచుండగనే వానిని వెలికిదీయుడు. మీ యనుభవములు వ్రాసి పంపుదురేని వచ్చుమాసమున సంతోషముతో ప్రకటింతుము.