కంప్యూటర్ కబుర్లు: తెలుగులో రాసేవారికి కొన్ని పనిముట్లు

“మాకూ రాయాలనే ఉందండీ, కానీ తెలుగు టైపింగ్ రాదు.” మన అసోసియేషన్ సంక్రాంతి సంబరాల్లో, వేసవి పిక్నిక్కుల్లో నాకు తరచు వినిపించే మాట ఇది. కథలు, వంటలు, ప్రయాణాల ముచ్చట్లు మనలో చాలామంది దగ్గర బోలెడున్నాయి. కొందరు ఉద్యోగం చేసుకుంటూనే పత్రికలకు రాస్తున్నారు, కొందరు యూట్యూబులో ఛానళ్ళు నడుపుతున్నారు. అలాంటివారికి పైసా ఖర్చు లేకుండా దొరికే పనిముట్ల గురించి ఈసారి చెప్పుకుందాం.

అన్నిటికంటే ముందు యూనికోడ్. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. 3072 నుంచి 3199 దాకా ఉన్న సంఖ్యలు మన లిపికి కేటాయించారు. ‘క’ 3093, ‘ఖ’ 3094, ‘గ’ 3095. మరి ‘ఘ’ ఎంతో పిల్లలూ, మీరే చెప్పండి! హైదరాబాదులో అయినా హ్యూస్టన్‌లో అయినా, ఫోనులో అయినా కంప్యూటరులో అయినా ఈ సంఖ్యలు మారవు.

పాత డీటీపీ ఫాంట్ల సంగతి వేరు. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టేవి. ఆ ఫాంటు ఉన్నంతవరకూ తెలుగు కనిపిస్తుంది. అది లేకపోతే మిగిలేది ఇంగ్లీషు అక్షరాల గజిబిజే.

ఇదేదో సాంకేతిక విషయంలే అని కొట్టిపారేయకండి. మన అసోసియేషన్‌లోని ఒక సోదరి క్రిందటేడు నాకొక సీడీ తెచ్చి ఇచ్చారు. వాళ్ళ నాన్నగారు ఊళ్ళో టైపు చేయించుకున్న కథలట. ఆయన ఇప్పుడు లేరు. కాగితం ప్రతులు చెదలు తినేశాయి. ఫైలు తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఏ ఫాంటు వాడారో కనిపెట్టి, దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరు వెతికి, ఒత్తులూ పొల్లులూ ఆవిడే కూర్చుని దిద్దుకునేసరికి మూడు నెలలు పట్టింది. కథలు దక్కాయి. ఇంకో పదేళ్ళు ఆగి ఉంటే సీడీ చదివే యంత్రమైనా దొరికేదో లేదో! మీ అటకమీద కూడా అలాంటి సీడీలుంటే ఈ వారాంతమే దించండి.

ఇక టైపింగ్. ఇంగ్లీషు కీబోర్డు అలవాటైనవారికి ‘లేఖిని’ చక్కగా పనికొస్తుంది. చిన్న ‘ఎల్’ కొడితే ‘ల’, పెద్ద ‘ఎల్’ కొడితే ‘ళ’. విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు భాషను చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది. ఇందులో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. మొదటి పదిహేను రోజులూ నత్తనడకే. వేళ్ళకు అలవాటయ్యాక మాత్రం ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో కొట్టే బాధ ఉండదు. ఎక్కువ రాసేవారికి నా సలహా ఇదే.

వేళ్ళు సహకరించని పెద్దవాళ్ళకు జీబోర్డు ఉంది. మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే టైపు చేస్తుంది. గూగుల్ ఈ సదుపాయాన్ని తెలుగుకు 2017లో తెచ్చింది. అమ్మమ్మగారు ఆవకాయ కొలతలు చెబుతుంటే మనవరాలు ఫోను పట్టుకుంటే చాలు, వ్యాసం సగం అయిపోయినట్టే. చుక్కలూ కామాలూ తర్వాత పెట్టుకోవచ్చు.

అచ్చయిన పాత పేజీలను మళ్ళీ టైపు చేయనక్కరలేదు. స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. అక్షరాలు విడిగా వస్తాయి. అయితే ‘ప’ను ‘వ’గా, ‘ష’ను ‘మ’గా చదివే ప్రమాదం ఉంది. “పాలు” కాస్తా “వాలు” అయితే పాయసం చెడుతుంది. అసలు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా సరిచూడండి.

మాటకు అర్థం తట్టకపోతే ‘ఆంధ్రభారతి’ నిఘంటువు ఉంది. బ్రౌణ్య నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటివాటిని ఒకేచోట వెతకవచ్చు. అందమైన అక్షరాలు కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ ఉన్నాయి. అన్నీ ఉచితమే, పైగా అన్నీ యూనికోడే.

కృత్రిమ మేధ సంగతేమిటని అడుగుతారు. తప్పులు చూపించమనండి, శీర్షికకు నాలుగు సూచనలడగండి, తప్పులేదు. మొత్తం రాసిపెట్టమంటే మాత్రం ఇంగ్లీషు వాసన కొట్టే తెలుగు వస్తుంది. పేర్లూ తేదీలూ నమ్మకంగా కల్పించి చెప్పే అలవాటు కూడా దానికుంది. మీ బామ్మగారి సామెత మీకు తెలిసినట్టు దానికి తెలియదు.

చివరిగా, రాసింది దాచుకోవడం. గూగుల్ డాక్స్‌లో పాత ప్రతులు ‘వెర్షన్ హిస్టరీ’లో ఉంటాయి, పొరపాటున చెరిపినా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఒక ప్రతి అక్కడ, ఒకటి మీ కంప్యూటరులో, ఇంకొకటి వేరే డిస్కులో ఉంచండి. పత్రికకు పంపేటప్పుడు పీడీఎఫ్ ఒక్కటే పంపవద్దు. దానిలోంచి తెలుగు కాపీ చేస్తే ఒత్తులు చెల్లాచెదురవుతాయి. డాక్స్ ఫైలు కూడా జతచేస్తే మన సంపాదకవర్గం మిమ్మల్ని దీవిస్తుంది.

ఈ వారాంతంలో ఒక పేజీ రాసి చూడండి. పిల్లలైతే అయిదు వాక్యాలు చాలు. తప్పులున్నా ఫరవాలేదు, దిద్దడానికి మేమున్నాం. వచ్చే సంచికలో ఫోటోలు దాచుకునే పద్ధతుల గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు!