గోడలోని పెట్టె

పిల్లలూ, గద్వాల దగ్గర జూరాల ఆనకట్ట వున్నది గదా! కృష్ణకు నీరు వచ్చినప్పుడు అక్కడ 6 యంత్రాలు తిరిగి విద్యుత్తు పుట్టిస్తాయి. ఒక్కొక్కటి 39 మెగావాట్లది. గద్వాలలోగాని, వనపర్తిలోగాని, నాగర్‌కర్నూలులోగాని మన ఇంటి ప్లగ్గులోకి వచ్చే విద్యుత్తు 230 వోల్టులే. అయినా ప్రాణం తీయటానికి అది చాలు! అంచేతనే తీగలు కలిసే చోటును గోడలో ఒక పెట్టెలో దాస్తారు.

ఎటువంటి పెట్టె మంచిది? ఇనప పెట్టె గట్టిది. కాని చెమ్మగోడలో తుప్పు పడుతుంది గనక జింకు పూత వున్నదే కొనాలి. దానికి ఎర్తు తీగ తప్పక కలపాలి. లేకపోతే లోపల తీగ వూడి తగిలినప్పుడు పెట్టె అంతటా విద్యుత్తు పాకుతుంది. ప్లాస్టిక్ పెట్టెకు తుప్పు భయం లేదు, దాని గుండా విద్యుత్తు పాకదు. కాని నాసిరకానిదైతే మర బిగించేటప్పుడే పగులుతుంది.

పెట్టె అంచు గోడపూతకు సమంగా వుండాలి. చుట్టూ సందులేకుండా సిమెంటు నింపాలి. ఎందుకంటారా? పెట్టె కదిలితే ప్లగ్గు లాగినప్పుడల్లా లోపలి తీగలు వదులవుతాయి. వదులైన చోట వేడి పుడుతుంది. ఆ వేడే ఒకనాడు నిప్పవుతుంది.

మీ ఇంట్లో ప్లగ్గుబోర్డు కదులుతున్నదా? నల్లబడిందా? మీరు ముట్టుకోకండి! వెంటనే పెద్దవాళ్ళతో చెప్పండి. మెయిన్ ఆపి, పని తెలిసినవాడి చేత బాగుచేయిస్తారు.