ప్రావిన్సుల గీతలు ఎవరు గీశారు?

పిల్లలూ! ఇండియాలో రాష్ట్రాలు ఉన్నట్టే దక్షిణాఫ్రికాలో ప్రావిన్సులు ఉన్నాయి. వాటి గురించి క్విజ్‌లో ఏం అడుగుతారు? ఎన్ని ఉన్నాయి? తొమ్మిది. అన్నిటికంటే పెద్దది ఏది? నార్తర్న్ కేప్. చిన్నది ఏది? గౌటెంగ్. జనం ఎక్కువగా ఉన్నది ఏది? అదీ గౌటెంగే! ఇవన్నీ సరైన జవాబులే. కానీ ఇవి నేర్చుకుంటే చాలదని నా అభిప్రాయం. ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగాలి. ఆ గీతలు ఎవరు గీశారు? ఆ గీత దాటి ఎవరిని రానివ్వలేదు?

1910 నుంచి 1994 దాకా అక్కడ నాలుగే ప్రావిన్సులు ఉండేవి: కేప్, నటాల్, ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్. ఆ రోజుల్లో అధికారం తెల్లవాళ్ల చేతుల్లో ఉండేది. మనవాళ్లు 1860 నుంచి 1911 వరకు కూలి ఒప్పందం మీద ఓడల్లో నటాల్‌కు వెళ్లారు. ఇండియా నుంచి అలా వెళ్లినవాళ్లు సుమారు 1,52,000 మంది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది చెరకు తోటల్లో పనిచేశారు.

కానీ నటాల్‌లో ఉన్న భారతీయులు ట్రాన్స్‌వాల్ వెళ్లాలంటే చాలాకాలం పర్మిట్ కావాల్సి వచ్చేది. ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అయితే మరీ ఘోరం. 1891 నాటి చట్టం వల్ల భారతీయులు అక్కడ భూమి కొనకూడదు, వ్యాపారం చేయకూడదు. 1980ల దాకా అక్కడ కాపురం ఉండటానికే వీల్లేదు. అంటే మ్యాప్‌లో మనకు సన్నగా కనిపించే గీత, వాళ్లకు గోడలాంటిది.

1994లో అందరూ ఓటు వేసిన తర్వాత పరిస్థితి మారింది. నాలుగు ప్రావిన్సులు పోయి తొమ్మిది వచ్చాయి. నల్లవాళ్లను విడిగా ఉంచడానికి పెట్టిన 'క్వాజులూ' అనే ప్రాంతాన్ని నటాల్‌తో కలిపి 'క్వాజులూ-నటాల్' అన్నారు. ఆ పేరులో ఉన్న చిన్న గీత వెనక ఇంత కథ ఉంది!

"చిన్నపిల్లలకు ఇలాంటి బాధ కలిగించే విషయాలు ఎందుకు?" అని కొందరు పెద్దలు అంటారు. వాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ తెలియకపోతే ఇంకో ఇబ్బంది ఉంది. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఒక తెలుగు అమ్మాయి ముత్తాతగారి పాత కాగితం చూసిందనుకోండి. అందులో 'మద్రాసు' అని ఉంటుంది. "అయితే మేం తెలుగువాళ్లం కాదా?" అని ఆ పిల్ల అనుకోవచ్చు కదా!

నిజం ఏమిటంటే, అప్పట్లో ఆంధ్రప్రదేశ్ అనే రాష్ట్రమే లేదు. విశాఖపట్నం, గోదావరి జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ వచ్చాయి. గీతలు మారాయి, పేర్లు మారాయి. ఇంట్లో మాట్లాడిన తెలుగు మాత్రం అదే.

అందుకే "నీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే మీరు తడబడక్కర్లేదు. ఆ అమ్మాయి "మాది క్వాజులూ-నటాల్, మేం తెలుగువాళ్లం" అని చెప్పొచ్చు. రెండూ నిజమే. ఒకటి చెప్పడానికి ఇంకొకటి వదులుకోవాల్సిన పని లేదు. మలేషియాలో ఉన్నా, మారిషస్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా మీరూ అలాగే చెప్పొచ్చు.

ఈ వారం మీ అమ్మమ్మనో, తాతయ్యనో ఇలా అడగండి: "మీరు పుట్టినప్పుడు మన ఊరు ఏ రాష్ట్రంలో ఉండేది? ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉంది?" వాళ్లు చెప్పిన జవాబును తెలుగులో ఐదు వాక్యాల్లో రాయండి.