వెన్నుపాము ఏ డిపార్ట్‌మెంటు?

తాటిచెట్టు మీద మోకు జారి పడినవాడైనా, బైక్ మీంచి ఎగిరిపడినవాడైనా సరే, వెన్నెముకకు ఆపరేషన్ అయిందని తెలియగానే చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే మాట: "ఎప్పుడు నడుస్తడంట?"

ప్రేమతో అడిగేదే, కాదనను. కానీ ఆ మనిషి ఇంకో పదేళ్లు బతుకుతాడా, ఎలా బతుకుతాడు అన్నది కాళ్లకంటే ఎక్కువగా మూత్రాశయం మీద, పిరుదుల దగ్గరి చర్మం మీద ఆధారపడి ఉంటుంది. ఆ రెండింటి గురించీ ఎవరూ అడగరు. అడగడానికి సిగ్గు కూడా.

చెయ్యి విరిగితే అతుక్కుంటుంది. వెన్నుపాము అలా కాదు. సర్జన్ రాడ్లు, స్క్రూలు వేసి నిలబెట్టేది ఎముకను. లోపల నలిగిపోయిన వెన్నుపామును మళ్లీ మామూలుగా చేసే ఆపరేషన్ ఇప్పటికీ లేదు. దెబ్బ తగిలిన చోటుకు కింద ఉన్నవన్నీ ఒక్కసారే మారిపోతాయి: కదలిక, స్పర్శ, మూత్రం, విరేచనం, దాంపత్యం, ఆఖరికి చెమట పట్టడం కూడా. ఇన్నింటికీ ఒక్క డాక్టరు సరిపోడు. సరే, ఐదుగురు ఉన్నారనుకుందాం. ఆ ఐదుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా?

మా చిన్నాయిన గీత కార్మికుడు. మాది నల్లగొండ జిల్లా. నిరుడు చెట్టు మీంచి పడితే ఛాతీ కిందిభాగంలో వెన్నుపూస విరిగింది. హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్ బాగానే చేశారు, అందులో వంక పెట్టను. పన్నెండో రోజు డిశ్చార్జ్. కాగితం చివర రాసి ఉంది: న్యూరోసర్జరీ ఓపీ సోమవారం, యూరాలజీ ఓపీ బుధవారం, ఫిజియోథెరపీ దగ్గర్లో ఎక్కడైనా. కూర్చోలేని మనిషిని వారంలో రెండుసార్లు కారు మాట్లాడుకుని హైదరాబాద్ తీసుకుపోవాలన్నమాట.

నాలుగో నెలలో కాళ్లు కొయ్యల్లా బిగుసుకుపోవడం మొదలైంది. న్యూరో డాక్టరు బిగుతు తగ్గించే మాత్ర డోసు పెంచారు. ఆ మాత్రతో మత్తుగా ఉంటుంది. ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికొచ్చేసరికి చిన్నాయిన నిద్రలో ఉండేవాడు. "గిట్ల పండుకుంటే నేనేం చేపియ్యాలె?" అని ఆమె విసుగు. బిగుతు తగ్గలేదు, డోసు ఇంకా పెరిగింది. మూడు వారాలకు చలిజ్వరం వచ్చి యూరాలజీకి పోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. దానికి మందు వాడాక బిగుతు దానంతటదే సగం తగ్గింది.

కింద స్పర్శ లేనివాళ్లకు నొప్పి తెలీదు కదా. ఇన్ఫెక్షనో, పుండో, మలబద్ధకమో ఉంటే కొందరి ఒళ్లు ఆ సంగతి కాళ్ల బిగుతుతో చెబుతుంది. ఇది వైద్య పుస్తకాల్లో ఉన్న విషయమే. ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియక కాదు. ముగ్గురూ ఒక్కసారి కూడా ఒకచోట కూర్చోలేదు, అంతే. మా ఆఫీసులో యాప్‌లో ఒక బటన్ రంగు మారాలన్నా మూడు టీములు పొద్దున్నే పావుగంట నిలబడి మాట్లాడుకుంటాయి. ఆ మాటలు మోయడానికి ఒక మేనేజరు కూడా. ఇక్కడ ఆ ఉద్యోగం మా చిన్నమ్మది. ఏడో తరగతి చదివింది.

ఇదేమైనా కొత్తగా కనిపెట్టాల్సిన సంగతా అంటే కాదు. 80 ఏళ్ల కిందటే తేలిపోయింది. అంతకుముందు వెన్నుపాము తెగిన సైనికుల్లో ఎక్కువమంది వారాల్లో, నెలల్లో చనిపోయేవాళ్లు. దెబ్బ వల్ల కాదు, పడక పుండ్ల వల్ల, మూత్ర ఇన్ఫెక్షన్ల వల్ల. హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరిన యూదు డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్‌కు 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఒక వార్డు అప్పగించారు. ఆయన పెట్టిన మొదటి నియమాల్లో ఒకటి ఏ మంత్రమూ కాదు: రాత్రీ పగలూ రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పాలి. మూత్రాశయం, చర్మం, వ్యాయామం, చేతికి పని, ఆటలు అన్నీ ఒకే వార్డులో, ఒకే బృందం చేతిలో. 1948లో అక్కడ 16 మందితో జరిగిన విలువిద్య పోటీయే తర్వాత పారాలింపిక్స్ అయింది. ఆ కథ అందరికీ తెలుసు. దానికి ముందున్న రెండు గంటల నియమం తెలిసినవాళ్లు తక్కువ.

మన పక్కనే ఇంకో కథ ఉంది. వేలూరు సీఎంసీలో డాక్టరుగా ఉన్న మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయారు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం చదివొచ్చారు. 1966లో వేలూరులో రోగులను ఉంచుకుని నేర్పించే పునరావాస కేంద్రం మొదలైంది. కాట్పాడి స్టేషన్‌లో దిగే మన తెలుగువాళ్లకు గుండె, కిడ్నీ డాక్టర్ల పేర్లు తెలుస్తాయి గానీ ఈమె పేరు చాలామంది విని ఉండరు.

గీత కార్మికులు పడకుండా ఉండేందుకు తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. మరి ఇప్పటికే పడినవాళ్లు? పరిహారం ఒక్కసారి వస్తుంది, క్యాథెటర్ రోజుకు నాలుగైదుసార్లు కావాలి. నేను కోరేది కొత్త బిల్డింగు కాదు. ప్రతి బోధనాసుపత్రిలో వారానికి ఒకరోజు న్యూరో, యూరాలజీ, ఫిజియో, పుండ్లు చూసే నర్సు ఒకే గదిలో కూర్చునే ఓపీ కావాలి. రాత్రి పైపు మూసుకుపోతే ఫోనెత్తే నర్సు ఒకరు కావాలి. అప్పటిదాకా, మీ ఇంట్లో ఎవరికైనా ఈ కష్టం వస్తే డిశ్చార్జ్ కాగితం మీద సంతకం పెట్టేముందు వార్డులో అడగండి: పైపు వేసి తీయడం మా చేత చేయించి చూపిస్తారా? కుర్చీకి ఏ పరుపు కొనాలి? జ్వరమొస్తే ముందు ఎవరికి ఫోన్ చేయాలి? నడక సంగతి తర్వాత అడగొచ్చు.

చిన్నమ్మ ఒక నోట్‌బుక్ పెట్టింది. ఎన్ని నీళ్లు తాగాడు, ఎంత మూత్రం వచ్చింది, ఏ పక్కకు ఎన్నింటికి తిప్పింది, కాళ్లు ఎప్పుడు బిగుసుకున్నాయి, అన్నీ అందులోనే. ఇప్పుడు మూడో పుస్తకం నడుస్తోంది. పోయిన నెల యూరాలజీ డాక్టరు దాన్ని పది నిమిషాలు తిరగేసి, "ఆ ఫిజియో అమ్మాయికి ఫోన్ కలపండి" అన్నారు. చిన్నాయిన గురించి వాళ్లలో ఇద్దరు మాట్లాడుకోవడం అదే మొదటిసారి. పడిన 14 నెలలకు.