నడుము వంచలేనివారు

తెలుగున సోమరిని నిందించుటకు ‘నడుము వంచడు’ అను మాట యొకటి కలదు. పనికి పూనుకొనుట నడుము కట్టుట. పట్టుదల వహించుట నడుము బిగించుట. క్షణకాలము విశ్రమించుట నడుము వాల్చుట. శ్రమజీవులైన జాతి తన కష్టసుఖములను నడుము మీదనే మోపినదనుటకు ఈ పలుకుబడులే సాక్ష్యము. నాట్ల కాలమున పొలములో దిగిన స్త్రీలను చూచినవారికి ఇందు అతిశయోక్తి కనిపింపదు. ఐతే ఈ వాడుక వలన ఒక చిక్కు వచ్చినది. నడుము వంచనివానికిని, వంచలేనివానికిని గల భేదమును లోకము మరచినది.

డిస్కు దెబ్బతిన్న ఉపాధ్యాయుని స్థితి ఇందుకు నిదర్శనము. అతని చేతికి పిండికట్టు లేదు, ఒంట జ్వరము లేదు. పాఠము చెప్పుచునే యుండును. నల్లబల్ల అడుగున వ్రాయవలసి వచ్చినపుడు మాత్రము తటపటాయించును. సుద్దముక్క క్రింద పడినచో విద్యార్థి నెవనినైన పిలుచును. చూచువారికి అది దర్పముగా తోచును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2020లో భూమిమీద 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడుచుండిరి. ఇంతమందికి గల వ్యాధి ఇంతగా కంటికి కనబడకుండుట వింతయే.

వెన్నెముకలో మెడనుండి త్రికాస్థి వరకు పూసల నడుమ 23 డిస్కులు కలవు. వెలుపల గట్టి నారల వలయములు, లోపల జిగురువంటి మెత్తని పదార్థము. లేత తాటిముంజను తలచుకొన్నచో కొంతవరకు పోలిక కుదురును. వయసుతో వచ్చు అరుగుదల వలనను, వంశక్రమమున వచ్చిన బలహీనత వలనను, ఒక్కొక్కప్పుడు వంగి బరువెత్తుట వలనను వెలుపలి వలయము చీలి, లోపలి పదార్థము ఉబికి ప్రక్కనున్న నరపు మూలమును నొక్కును. అంతట నొప్పి నడుమున నిలువక పిరుదు, తొడ, పిక్కల మీదుగా పాదము వరకు ప్రాకును. చరకసంహితలో గృధ్రసి యని వర్ణింపబడిన వ్యాధి లక్షణము లివియే. గృధ్రమనగా గ్రద్ద, రోగి నడక ఆ పక్షి నడకను పోలుటచే ఆ పేరు వచ్చినదందురు. లక్షణము ప్రాచీనులకు తెలిసినను, కాలి నొప్పికిని డిస్కునకును గల సంబంధము 1934లో బోస్టను వైద్యులు మిక్స్‌టర్, బార్ అనువారు వ్యాసము ప్రకటించిన పిదపగాని స్థిరపడలేదు.

‘డిస్కు జారినది’ అను వాడుక ఈ వ్యాధికి తోడైన మరియొక వ్యాధి. డిస్కు ఎక్కడికిని జారదు. పైపూసకును క్రిందిపూసకును గట్టిగా అంటుకొని యుండును. కాని జారినదన్న మాట చెవిని పడినంతనే రోగి, తాను కదలినచో అది ఇంకను జారునని భయపడి మంచము పట్టును. జారినదానిని లోనికి నెట్టెదనను వాడును బయలుదేరును. ఎదురుకాళ్లతో పుట్టినవారిచేత నడుము మీద తన్నించుకొన్న నొప్పి పోవునను నమ్మకము పల్లెలలో ఉన్నదే. తప్పుడు మాట తప్పుడు చికిత్సకు దారితీయుట భాషాబోధకులు గమనింపదగిన విషయము.

మంచము సంగతియు విచారింపవలెను. నడుము నొప్పికి వారముల తరబడి పడకయే మందని వైద్యులే చెప్పుచుండిన కాలము కలదు. 1986లో అమెరికాలో 203 మంది రోగులను రెండు పాళ్లు చేసి, ఒకరికి రెండు దినములు, ఒకరికి ఏడు దినములు పడక విధించి చూచిరి. రెండు దినములవారు ఏమియు వెనుకబడలేదు. పైగా పనికి త్వరగా మరలిరి. అది సామాన్యమైన నడుము నొప్పి, కాలిలోనికి ప్రాకిన నొప్పికి ఆ న్యాయము చెల్లదని శంకింపవచ్చును. 1999లో నెదర్లాండ్సు వైద్యులు అట్టి రోగులనే 183 మందిని పరీక్షించిరి. పండ్రెండు వారములు గడచునప్పటికి పడుకొన్నవారిలోను, తిరుగుచుండినవారిలోను నూటికి 87 మంది మెరుగుపడిరి. బాధ తీవ్రముగా నున్నపుడు ఒకటి రెండు దినములు నడుము వాల్చుటలో దోషము లేదు. అటుపిమ్మట ఓర్చుకొనగలిగినంత నడక, క్రమముగా వ్యాయామము, వస్తువు నెత్తునపుడు మోకాళ్లు వంచి దానిని ఒంటికి చేర్చి పట్టుకొనుట, ఇవి మేలు. రాత్రి డిస్కు నీటిని పీల్చుకొని ఉబ్బును. మనిషి సాయంకాలముకంటె ఉదయమున సెంటీమీటరునకు పైగా పొడవుండుట అందువలననే. కావున నిద్ర లేచినంతనే వంగి బిందె నెత్తుట మంచిది కాదు.

ఎం.ఆర్.ఐ. చిత్రమును చూచి గుండె జారవిడుచుకొనువారును కలరు. నడుము నొప్పి యన్నదే లేని 98 మందిని 1994లో అమెరికాలో పరీక్షింపగా, నూటికి 52 మందికి ఏదో యొక డిస్కు ఉబ్బియే యున్నది. ఉబికిన పదార్థమును శరీరమే కొన్ని మాసములలో హరించుకొనుట తరచు. శస్త్రచికిత్స కాలి నొప్పిని త్వరగా తగ్గించును, నిజమే. కాని 2007లో నెదర్లాండ్సు వైద్యులు ప్రకటించిన పరిశోధనలో ఏడాది గడచుసరికి ముందే కోయించుకొన్నవారును, వేచియుండినవారును సమముగానే యుండిరి. మూత్రము బిగిసినను, వశము తప్పినను, మర్మస్థానమున స్పర్శ పోయినను, కాలి బలము తగ్గుచున్నను మాత్రము వేచియుండరాదు; ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.

ఇక పాఠశాల. తరగతిగదిలో ఉపాధ్యాయునికి కుర్చీ వేయకుండుటయే క్రమశిక్షణ యనుకొను యాజమాన్యములు కలవు. కుర్చీ వేసినను దినమంతయు కూర్చుండుటయు మందు కాదు. 1960 దశకమున స్వీడను వైద్యుడు నాకెమ్‌సన్ డిస్కులోనికి సూది గ్రుచ్చి ఒత్తిడి కొలిచి, నిలుచుటకంటె కూర్చుండుటయందే హెచ్చనెను. 1999లో జర్మనీలో కొలిచినవారు, జారగిలబడి కూర్చుండిన తక్కువే యనిరి. పండితులు ఇట్లు తగవులాడుచుండగా ప్రధానోపాధ్యాయుడు తీర్పు చెప్పుట సాహసము. రోగికి కావలసినది కూర్చుండుటకు, లేచుటకు, రెండడుగులు వేయుటకు స్వేచ్ఛ. ఎన్నికల విధులలో ఓటింగు యంత్రములు మోసి, గతుకుల దారిని బస్సులో పోయి, బల్లమీద తెల్లవార్లు గడపవలసిన ఉపాధ్యాయుడు మినహాయింపు కోరినచో దానిని సాకుగా చూచుట అన్యాయము. దొంగసాకులు చెప్పువారు ఉండవచ్చును. వారికొరకు నిజమైన రోగిని శిక్షింపరాదు.

ఐనను ఉపాధ్యాయునికి అర్జీ పెట్టుకొనుటకు ఒక కార్యాలయమైన కలదు, సెలవున్నది, జీతమున్నది. ‘వంగవద్దు’ అను వైద్యుని మాట నాట్లు వేయు స్త్రీకి ఆనాటి కూలిని వదలుకొమ్మనుటయే. వంగక చేయదగిన పని యేదో ఆయన చెప్పడు. చెప్పినను ఆ ఊర అట్టి పని యుండదు. ఆమె రెండు దినములు ఆగి, నడుమునకు గుడ్డ బిగించి, మూడవనాడు మరల మడిలో దిగును.