ఐదుగురు చాలు.. మీరు మాట్లాడకండి!

కొత్త యాప్ డిజైన్ చేశారా? ఫ్రెండ్స్‌కి చూపించి ‘ఎలా ఉంది?’ అని అడగకండి. మొహమాటానికి ‘సూపర్’ అనేస్తారు. దాని బదులు ఓ పని అప్పజెప్పండి: ‘ఇందులో రేపటికి బస్ టికెట్ బుక్ చెయ్’. చేస్తూ మనసులో ఏమనుకుంటున్నారో పైకే చెప్పమనండి. ‘అక్కడ కాదు, ఇక్కడ నొక్కు’ అంటూ మీరు సాయం చేయొద్దు. వేలు ఎక్కడ తడబడిందో రాసుకోండి, అంతే.

ఎంతమందితో చేయించాలి? యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో చెప్పిన లెక్క ప్రకారం ఐదుగురితోనే దాదాపు 85 శాతం లోపాలు దొరికిపోతాయి. పదిహేను మంది ఉంటే ఐదుగురి చొప్పున మూడుసార్లు పరీక్షించండి, మధ్యమధ్యలో సరిదిద్దుకుంటూ.

పెద్దవాళ్లూ వాడే యాప్ అయితే వాళ్లనీ కూర్చోబెట్టండి. అమ్మమ్మ ‘నాకు రాదులే’ అని ఫోన్ పక్కన పెట్టేసిందంటే తప్పు ఆమెది కాదు, మీ డిజైన్‌ది!